జూన్ జోర్డాన్‌ను ద్విలైంగికుల హక్కుల రచయిత్రిగా ఎందుకు లెక్కిస్తారు?

ఆఫ్రికన్ అమెరికన్ కవయిత్రి జూన్ జోర్డాన్ (1936-2002) రెండు డజన్లకు పైగా పుస్తకాలు రాశారు. వాటిలో తన ద్విలైంగికత గురించి, అంటే స్త్రీలనూ పురుషులనూ కూడా ప్రేమించగలగడం గురించి, నేరుగా చెప్పుకున్నవి కొద్ది పేజీలే. అలాంటప్పుడు ఆమెను ద్విలైంగికుల హక్కుల రచయిత్రిగా ఎందుకు పేర్కొంటారని, ఆమెను చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని మీరు అడిగారు. ఆమె రచనలను చాలా ఏళ్లుగా తరగతుల్లో చెబుతున్నాను గనుక కాస్త వివరంగానే రాస్తాను. నా జవాబు మాత్రం మొదటే చెప్పేస్తాను. ఆమెకు ఆ పేరు తెచ్చినవి ఆ కొద్ది పేజీలే, వాటిలోనూ ముఖ్యంగా ఒకే ఒక్క వ్యాసం. ద్విలైంగికులను కాస్త ఓర్చుకోండని ఆమె అందులో ఎవరినీ బతిమాలలేదు. స్వేచ్ఛ పేరు ఎత్తే ప్రతి ఉద్యమం తన చిత్తశుద్ధిని ఈ విషయంలో రుజువు చేసుకోవాలని నిలదీశారు. ఆ మాట అనడానికి కావలసిన అధికారం ఆమెకు మిగిలిన పుస్తకాల వల్లా, వాటి వెనక ఉన్న జీవితం వల్లా వచ్చింది.

ఆ వ్యాసం పేరు 'ఎ న్యూ పాలిటిక్స్ ఆఫ్ సెక్సువాలిటీ'. 1991 ఏప్రిల్ 29న స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ద్విలైంగిక, గే, లెస్బియన్ విద్యార్థుల సంఘం జరిపిన సభలో ఆమె చేసిన కీలకోపన్యాసం దానికి ఆధారం. అదే సంవత్సరం జూలైలో, ఆమె కాలమ్ రాస్తూ వచ్చిన 'ది ప్రోగ్రెసివ్' పత్రికలో అచ్చయింది, 1992లో 'టెక్నికల్ డిఫికల్టీస్' అనే వ్యాస సంపుటిలో చేరింది. ఆ విద్యార్థి సంఘం తన పేరులో ద్విలైంగికులను మొదట పెట్టుకోవడం ఆ రోజుల్లో అరుదైన సంగతి. మిగిలిన చోట్ల ఆ మాట చివర ఉండేది, లేదా ఉండేదే కాదు.

వ్యాసం ద్విలైంగికతతో మొదలవదన్నది చాలామంది గమనించరు. శిశు సంరక్షణ మీద డాక్టర్ బెంజమిన్ స్పాక్ రాసిన ప్రఖ్యాత పుస్తకంతో మొదలవుతుంది. పడుచు తల్లిగా ఉన్న రోజుల్లో జోర్డాన్ ఆ పుస్తకాన్ని వేదవాక్యంలా నమ్మేవారు. తల్లి పొట్టి గౌనుల వంటి ఆకర్షణీయమైన దుస్తులు వేసుకుంటే బిడ్డ మనసు, ముఖ్యంగా మగబిడ్డ మనసు కలత చెందుతుందన్న సలహా ఆమెకు అందులో కనిపించింది. తల్లి కూడా లైంగిక జీవి అని బిడ్డకు తెలియకూడదన్నమాట! తనను అలా కోరికలేని మనిషిగా ఎవరైనా, అందునా తన కొడుకు, చూడాలనుకుంటాడని అంతవరకు ఆమెకు తోచనేలేదు. ఉపన్యాసానికి ఆమె దీన్ని ఎత్తుగడగా ఎంచుకోవడంలో ఉద్దేశం ఉంది. ఒకరి శరీరం ఏమి కోరాలో, ఆ కోరిక ఎవరికి కనిపించవచ్చో ఇంకొకరు నిర్ణయించే పద్ధతి స్వలింగ ప్రేమికుల దగ్గర మొదలు కాలేదనీ, పెళ్లయి పిల్లల్ని పెంచుకుంటున్న మామూలు ఇల్లాలి మీద కూడా అది అమలవుతూనే ఉందనీ ఆమె ముందుగా స్థాపించుకుంటారు. వినేవాళ్లలో ఎవరూ ఇది మా గొడవ కాదని తప్పుకోవడానికి వీల్లేకుండా చేసి, ఆ తరువాతే అసలు విషయంలోకి వెళతారు.

వ్యాసానికి గుండెకాయ వంటి భాగం రెండు సభల ప్రస్తావన. అంతకుముందు సంవత్సరం బర్కిలీ విశ్వవిద్యాలయంలోని స్ప్రౌల్ ప్లాజాలో జాతివివక్షకు వ్యతిరేకంగా విద్యార్థులు సభ పెట్టి ఆమెను మాట్లాడమన్నారు. నాలుగైదు వందల మంది వచ్చారు. మరునాడు అదే స్థలంలో ద్విలైంగిక, గే, లెస్బియన్ హక్కుల సభ జరిగింది. అక్కడా మాట్లాడమని అడిగారు, వెళ్లారు. డెబ్బై అయిదు మంది కూడా లేరు. ఇది సిగ్గుచేటని, జరగవలసింది ఒకే సభ అని ఆమె అక్కడే అన్నారు. స్వేచ్ఛను ముక్కలు చేయడం కుదరదన్న ఆమె వాదన ఈ సంఘటన మీదే నిలబడి ఉంది. తన వర్గం స్వేచ్ఛ కోసం మాత్రమే కదిలేవాళ్లు చేస్తున్నది స్వేచ్ఛ పోరాటం కాదనీ, ఎవరి స్వప్రయోజనం వారు చూసుకోవడమేననీ ఆమె తీర్పు.

ఆమె ఎవరితో వాదిస్తున్నారో తెలుసుకుంటే గాని దీని పదును అర్థం కాదు. ఎదుట ఉన్నది మతఛాందసులు కారు. తమకు స్వలింగ ప్రేమికుల పట్ల ఏ ద్వేషమూ లేదని ముందుగా చెప్పుకుని, నల్లజాతివారి అణచివేతతోనో పాలస్తీనీయుల అణచివేతతోనో వీరి బాధను పోల్చడం అపచారమని వెంటనే అనే ఉదారవాదులతో ఆమె తలపడ్డారు. చర్మం రంగును దాచుకోలేము, మీ సంగతి దాచుకోవచ్చు గదా, దాచుకుని మా పోరాటం మమ్మల్ని చేసుకోనివ్వండి అనేది వారి వాదన. దీనికి ఆమె ఇచ్చిన సమాధానంలో మొదటి మెట్టు తన చరిత్రే. ఆఫ్రికన్ అమెరికన్ల కోసం, పాలస్తీనీయుల కోసం శక్తికి మించి పనిచేసిన మనిషిగానే ఈ పోలిక తప్పు కాదని చెబుతున్నానన్నారు. ఈ మాట అప్పట్లో వేరొకరు అని ఉంటే జాతి సమస్య తెలియనివాళ్ల మాటగా కొట్టిపారేసేవారు.

తరువాతి మెట్టు ద్విలైంగికత మీద. మిశ్రజాతి అస్తిత్వం ఎలాంటిదో ద్విలైంగిక అస్తిత్వమూ అలాంటిదేనని, రెంటిలో ఏదో ఒకటి తేల్చుకొమ్మనే విశ్లేషణను అది చెల్లకుండా చేస్తుందని ఆమె అంటారు. తాను స్వేచ్ఛగా ఉన్నాననీ, పురుషుణ్ణి ప్రేమించడానికి ఎంత అవకాశం ఉందో స్త్రీని ప్రేమించడానికీ అంతే ఉందనీ, స్వేచ్ఛ అంటే అదే కదా అనీ సూటిగా అడుగుతారు. స్వేచ్ఛగా ఉన్న మనిషి ఏం చేస్తుందో ముందుగా ఊహించలేరు, ఆమెను అదుపు చేయనూ లేరు. లైంగికతకు సంబంధించిన కొత్త రాజకీయానికి ద్విలైంగికత ఇవ్వగలిగినది ఇదేనని ఆమె వాదన.

ఆ కాలం ఎలాంటిదో ఒక మాట చెప్పాలి. 1980లలో ఎయిడ్స్ భయం ముదిరినప్పుడు, వ్యాధిని ఇటునుంచి అటు చేరవేసేవాళ్లుగా ద్విలైంగిక పురుషులను పత్రికలు చూపించాయి. లెస్బియన్ సంఘాల్లో ద్విలైంగిక స్త్రీలు ఎప్పుడైనా మగవాళ్ల వైపు వెళ్లిపోతారన్న అనుమానం బలంగా ఉండేది. సరిగ్గా ఈ వ్యాసం వచ్చిన రోజుల్లోనే ఉద్యమం గట్టిపడింది. 1990 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జాతీయ ద్విలైంగిక మహాసభ జరిగింది. 1991లో లానీ కాహుమాను, లొరైన్ హచిన్స్ సంపాదకత్వంలో 'బై ఎనీ అదర్ నేమ్' అనే స్వానుభవ రచనల సంకలనం వెలువడింది. 1993 ఏప్రిల్ 25న వాషింగ్టన్‌లో జరిగిన మహాప్రదర్శన అధికారిక పేరులో ద్విలైంగికులను సూచించే 'బై' అన్న మాట చేరింది. ఈ ఉద్యమకారులు సంస్థలు కట్టారు, పేర్ల కోసం పోరాడారు, ద్విలైంగికులను ఒకచోట చేర్చారు. జోర్డాన్ ఆ పనిలో లేరు. ఆమె రాసినది, సంఘాల వాళ్లు తమ పోరాటాన్ని ఇతర ఉద్యమాల ముందు నిలబెట్టుకోవడానికి పనికివచ్చిన వాదన. హక్కుల కార్యకర్త అన్న మాటను సంఘ నిర్మాణానికే పరిమితం చేస్తే అది ఆమెకు వర్తించదు, నిజమే. నేను అలా పరిమితం చేయను.

ఇక ఆ వ్యాసం దాకా ఆమెను తీసుకువచ్చిన జీవితం. 1936 జూలై 9న న్యూయార్క్‌లోని హార్లెంలో, జమైకా నుంచి వలస వచ్చిన దంపతులకు పుట్టారు. బ్రూక్లిన్‌లో పెరిగారు. తండ్రి తపాలా శాఖలో రాత్రి ఉద్యోగి. కొడుకు కావాలనుకున్న ఆ తండ్రి కూతురినే కొడుకులా, ఇంకా చెప్పాలంటే సైనికుడిలా పెంచాడు. పసితనంలోనే షేక్‌స్పియర్, బైబిలు, నల్లజాతి కవి పాల్ లారెన్స్ డన్‌బార్ కవితలు కంఠస్థం చేయించాడు, దారుణంగా కొట్టాడు. ఇవన్నీ 2000లో వచ్చిన ఆమె బాల్య స్మృతి 'సోల్జర్'లో ఉన్నాయి. ఆ పుస్తకంలో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది ఆమె తండ్రిని పూర్తిగా దోషిని చేయకపోవడం. కవిత్వాన్నీ, ఎదురు తిరిగే గుణాన్నీ ఇచ్చిన మనిషి, గాయాలు చేసిన మనిషి ఒకరేనని ఆమె ఒప్పుకున్నారు. మంచివాడా, చెడ్డవాడా తేల్చమంటే తేల్చరు. ఏదో ఒకటి తేల్చాలన్న ఒత్తిడికి లొంగకపోవడం ఆమెకు లైంగికత దగ్గర కొత్తగా అబ్బిన గుణం కాదని ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది.

1953లో న్యూయార్క్‌లోని బర్నార్డ్ కళాశాలలో చేరారు. అక్కడి పాఠాల్లో నల్లజాతి రచయితలు గాని స్త్రీ రచయితలు గాని తనకు ఎదురుపడలేదని తరువాత రాశారు. 1955లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ఒక తెల్లజాతి యువకుణ్ణి పెళ్లి చేసుకున్నారు. అప్పటికి అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో అటువంటి వివాహం నేరం. సుప్రీంకోర్టు ఆ చట్టాలను కొట్టివేసింది 1967లో గాని కాదు. 1958లో కొడుకు పుట్టాడు, 1965లో విడాకులయ్యాయి. ద్విలైంగికతను వివరించడానికి ఆమె మిశ్రజాతి అస్తిత్వాన్ని పోలికగా తెచ్చినప్పుడు అది పుస్తకాల నుంచి ఏరి తెచ్చుకున్న పోలిక కాదన్న సంగతి గుర్తుంచుకోవాలి. చాలా రాష్ట్రాల చట్టం గుర్తించని బంధంలో, ఏ ఒక్క గడిలోనూ ఇమడని కుటుంబంలో ఉండడమంటే ఏమిటో ఆమెకు ముందే తెలుసు. ఈ ముడిని ఆమె ఆ వ్యాసంలో విప్పి చెప్పలేదు, వేసినది నేను. అయినా బలమైన ముడేననుకుంటాను.

1967 నుంచి న్యూయార్క్ సిటీ కాలేజీలో పాఠాలు చెప్పారు. అక్కడ రచయిత్రులు ఆడ్రీ లార్డ్, ఏడ్రియన్ రిచ్, టోనీ కేడ్ బంబారా సహోద్యోగులు. 1971లో యువ పాఠకుల కోసం రాసిన 'హిజ్ ఓన్ వేర్' నవలను మొత్తంగా నల్లజాతివారి ఇంగ్లీషులో నడిపారు. అది నేషనల్ బుక్ అవార్డు తుది జాబితాకు చేరింది. ఆ భాష విషయంలో ఆమెకున్న పట్టుదల తెలియాలంటే 1985 నాటి ఒక వ్యాసం చదవాలి. న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు స్టోనీబ్రూక్ శాఖలో ఆమె నల్లజాతివారి ఇంగ్లీషు మీద తరగతి నడుపుతుండగా, ఒక విద్యార్థి సోదరుణ్ణి బ్రూక్లిన్‌లో పోలీసులు కాల్చి చంపారు. పత్రికకు నిరసన లేఖ రాయాలని తరగతి తీర్మానించింది. ప్రామాణిక ఇంగ్లీషులో రాస్తే అచ్చు వేసే అవకాశం ఉంది, చనిపోయినవాడి భాషలో రాస్తే ఎవరూ పట్టించుకోరు. విద్యార్థులు చర్చించి, ఏమవుతుందో తెలిసే రెండో దారి ఎంచుకున్నారు. లేఖ అచ్చు కాలేదు. ఎదుటివాడు వినడం కోసం మనల్ని మనం కొంత దాచుకోవాలా అన్నదే ఇక్కడి ప్రశ్న. మీ లైంగికతను దాచుకోవచ్చు గదా అన్నవాళ్లకు 1991లో ఆమె ఇచ్చిన జవాబుకు ఇది ఆరేళ్ల ముందరి రూపం.

నా తరగతుల్లో ఆ వ్యాసానికి ముందు తప్పకుండా చదివించేది మరొకటి ఉంది, 1982 నాటి 'రిపోర్ట్ ఫ్రమ్ ద బహామాస్'. సెలవులకు బహామాస్ వెళ్లిన ఆమె, హోటల్లో తన గది శుభ్రం చేసే స్త్రీ కూడా నల్లజాతి స్త్రీయేనని, అయినా ఆమెకూ తనకూ మధ్య డబ్బు గోడ ఉందని గమనించుకుంటారు. బజారులో అమ్మకందార్లతో బేరమాడుతున్నప్పుడు కూడా అదే గమనింపు. జాతి ఒకటైనంత మాత్రాన, ఆడవాళ్లమైనంత మాత్రాన కలిసికట్టుతనం దానంతటది రాదని, ఒకరి అవసరం ఇంకొకరు తెలుసుకుని కట్టుకోవలసిందని ఆమె అక్కడ తేల్చుకున్నారు. ఇది చదివినవాళ్లకు ఆ రెండు సభల మీద ఆమెకు వచ్చిన కోపం అర్థమవుతుంది. నీవూ నేనూ ఒకటి అన్న భావన మీద ఆమె రాజకీయం ఆధారపడలేదు. అదే సంవత్సరం బీరూట్‌లో పాలస్తీనా శరణార్థులున్న సబ్రా, షాటిలా శిబిరాల్లో జరిగిన మారణకాండ తరువాత రాసిన 'మూవింగ్ టువర్డ్స్ హోమ్' కవితలో, నల్లజాతి స్త్రీగా పుట్టిన తాను ఇప్పుడు పాలస్తీనీయురాలినయ్యానని చెప్పడం కూడా ఆ ఆలోచన కొనసాగింపే.

ప్రేమ కవితల మాటకు వస్తే, 1994లో వచ్చిన 'హరుకో' సంపుటి ఒక స్త్రీని ఉద్దేశించిన కవితలతో సాగుతుంది. ఆమె కవిత్వంలో పురుషులను ఉద్దేశించిన ప్రేమ కవితలూ ఉన్నాయి. ఒక స్వరం నిజమైనదనీ, మరొకటి దారి తప్పినదనీ కవితలే ఎక్కడా సూచించవు. కొందరు విమర్శకులు ఆమెను లెస్బియన్ కవయిత్రిగా, కొందరు కేవలం నల్లజాతి కవయిత్రిగా పరిచయం చేస్తుంటారు. ద్విలైంగికులుగా బహిరంగంగా చెప్పుకున్న రచయితలకు కూడా ఈ చెరిపివేత తప్పదు. ఆమె అంత స్పష్టంగా చెప్పాక కూడా ఇలా జరగడం చిరాకు కలిగిస్తుంది.

ఆ ఉపన్యాసం చేసిన 1991లోనే బర్కిలీలో ఆమె 'పొయెట్రీ ఫర్ ద పీపుల్' అనే కార్యక్రమం ప్రారంభించారు. అక్కడ కవిత్వం రాయడం నేర్చిన విద్యార్థులే తరువాతి విడత వారికి బోధకులయ్యేవారు, విశ్వవిద్యాలయం దాటి బడులకూ, చెరసాలలకూ, చర్చిలకూ వెళ్లేవారు. కవిత్వం నిజం చెప్పే సాధనమనీ, అతి తక్కువ మాటలతో అతి ఎక్కువ ప్రభావం చూపాలనీ ఆమె నియమం. ఎవరైనా రాయవచ్చు అన్నారు గాని ఎలాగైనా రాయవచ్చు అనలేదు. విద్యార్థుల పద్యాల మీద ఆమె కఠినమైన కొలతలే పెట్టారు. ఈ పద్ధతిని వివరించే పుస్తకం 1995లో వచ్చింది.

ఆమె వాదనతో నాకు అన్నిచోట్లా ఏకీభావం లేదని కూడా చెప్పాలి. లైంగికత మీది అణచివేత మానవ సంఘర్షణల్లో అతి పురాతనమైనదని, జాతి, వర్గ అణచివేతల కన్నా లోతైనదని ఆ వ్యాసంలోనే ఆమె అంటారు. అణచివేతలకు వరుస సంఖ్యలు వేసేవాళ్లను తప్పుపడుతూ తానూ ఒక వరుస వేయడం నాకు సమ్మతం కాదు. స్వేచ్ఛ విభజనకు లొంగనిదైతే ఏది లోతైనదన్న పోటీ దేనికి? ఊహకు అందకుండా, అదుపులో లేకుండా ఉండడాన్ని ద్విలైంగికతకు గుర్తుగా చెప్పడం కూడా రెండంచుల కత్తి. ద్విలైంగికులు నిలకడ లేనివాళ్లన్న అపవాదు సరిగ్గా అదే మాట ఆసరాగా బతుకుతోంది. ఒకే భాగస్వామితో జీవితాంతం ఉండిపోయే ద్విలైంగిక వ్యక్తి ఆ వర్ణనలో తనను చూసుకోలేకపోవచ్చు. పురుషుణ్ణి ఎంతగానో స్త్రీనీ అంతే అన్న ఆమె తూకం కూడా అందరికీ వర్తించదు. ఈ విషయంలో అమెరికన్ ద్విలైంగిక ఉద్యమకారిణి, సంపాదకురాలు రాబిన్ ఓక్స్ ఇచ్చిన నిర్వచనం ఇంకా విశాలమైనది. ఒకటికి మించిన జెండర్ల వారి పట్ల ఆకర్షణ ఉండగలదని, అది ఒకే సమయంలో, ఒకే తీరులో, ఒకే మోతాదులో ఉండనక్కరలేదని ఆమె అంటారు. జోర్డాన్ తన గురించి చెప్పుకున్నారు, ఓక్స్ అందరి కోసం చెప్పారు. అందువల్ల ఒకరి మాటను ఇంకొకరి మాటకు బదులుగా వాడకూడదు.

రొమ్ము క్యాన్సర్‌తో సుమారు పదేళ్లు పోరాడి 2002 జూన్ 14న బర్కిలీలో ఆమె మరణించారు. చివరి వ్యాస సంపుటి 'సమ్ ఆఫ్ అస్ డిడ్ నాట్ డై' అదే ఏడాది వెలువడింది. 2019లో, గే హక్కుల తిరుగుబాటుకు పేరుపడ్డ న్యూయార్క్‌లోని స్టోన్‌వాల్ ప్రాంగణంలో ఏర్పాటైన ఎల్‌జీబీటీక్యూ గౌరవ ఫలకం మీద మొదటి యాభై పేర్లలో ఆమె పేరు చేరింది.

ఇక మీ రెండో ప్రశ్న. ముందుగా 'రిపోర్ట్ ఫ్రమ్ ద బహామాస్' చదవండి, తరువాత స్టాన్‌ఫర్డ్ వ్యాసం, ఆ పైన 'సోల్జర్'. ఆ వ్యాసంలోని రెండు వాక్యాలు, ముఖ్యంగా పురుషుణ్ణో స్త్రీనో ప్రేమించే స్వేచ్ఛ గురించినవి, ఇంటర్నెట్‌లో విడిగా విస్తారంగా తిరుగుతుంటాయి. విడిగా చదివితే అవి సొంత ఇష్టాన్ని ప్రకటించుకునే నినాదంలా వినిపిస్తాయి. స్పాక్ పుస్తకం, రెండు సభలు, ఉదారవాదులకు ఇచ్చిన జవాబు దాటుకుని ఆ వాక్యాల దగ్గరికి వస్తేనే వాటిలో ఇతరుల మీద మోపిన బాధ్యత కనిపిస్తుంది. కవిత్వానికి 2005లో వచ్చిన సమగ్ర సంపుటి 'డైరెక్టెడ్ బై డిజైర్' సరిపోతుంది. అందులో 1980 నాటి 'పొయెమ్ అబౌట్ మై రైట్స్' మొదట తీయండి. రాత్రిపూట ఒంటరిగా నడవలేని స్త్రీ నిస్సహాయతతో మొదలై, దక్షిణాఫ్రికా జరిపిన నమీబియా ఆక్రమణ దాకా వెళ్లి, తన మీద బలప్రయోగం చేసేవారికి హెచ్చరికతో ముగిసే ఆ కవితలో లైంగికతా రాజ్యాధికారమూ ఒకే ఊపిరిలో వస్తాయి. దాని వెంటనే 'హరుకో' కవితలు చదివితే, అదే గొంతు ప్రేమలో ఎంత మెత్తబడగలదో తెలుస్తుంది.